బందరు గోడ మీద ఒక గీత గీయించండి

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,



ఈ ఏడు ముక్కనుమ నాడు పొద్దున ఆరు గంటలకు బందరు కోనేరు సెంటర్లో ఐదుగురు మనుషులు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. నలుగురు ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. వారిలో ఒకామె ఇప్పుడు విజయవాడలో నర్సు. ఒకాయన డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంకొకాయన చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారం చేస్తాడు. నాలుగోవాడు ఈ లేఖకుడు. ఐదో మనిషి వాళ్లకు లెక్కలు చెప్పిన మాస్టారు. వయసు డెబ్బై ఎనిమిది, చేతిలో గొడుగు, కాళ్లకు కాన్వాసు బూట్లు. పండక్కి వచ్చిన శిష్యులు ఇంటికెళ్లి కాళ్లకు దండం పెడితే ఆయన దీవించి ఊరుకోలేదు. "రేపు పొద్దున్నే రండి, మీ ఊరు మీకు చూపిస్తాను" అన్నారు. పుట్టి పెరిగిన ఊరిని ఇంకొకరు చూపించడమేమిటని నలుగురూ లోలోపల నవ్వుకున్నారు.

ఆ నవ్వు కోనేరు సెంటరు దాటేలోపే ఆగిపోయింది.

మాస్టారు నడకను కోటతోనో గుడితోనో మొదలుపెట్టలేదు. ఆటోవాళ్లు రోజూ కేకేసే పేర్లతో మొదలుపెట్టారు. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం. మూడోది ఎవరికైనా అర్థమవుతుంది. మొదటి రెండింటి దగ్గరే తడబాటు. బొబ్బిలి కథ విన్నవాళ్లకు 'పరాసులు' అంటే బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచివారని తెలుసు. 'వలంద' అంటే హాలండు, అంటే డచ్చివారు. మూడు దేశాల కంపెనీలు సముద్రం దాటి వచ్చి, కొట్టుకుని, వెళ్లిపోయాయి. చివరికి వాటి పేర్లు ఈ ఊరి కరెంటు బిల్లుల మీద మిగిలాయి. డాలస్ మిత్రుడు వలందపాలెంలో పద్దెనిమిదేళ్లు పెరిగాడు. "వలంద అంటే ఏదో చెట్టు పేరనుకున్నాను మాస్టారూ" అన్నాడు. మాస్టారు ఆయన్ని ఏమీ అనలేదు. గొడుగు మొనతో దారి చూపించి ముందుకు నడిచారు.

కలెక్టర్ గారూ, 'బందరు' అన్న మాటే పారశీకంలో రేవు. ఆ మాట చేపల పట్నానికి, అంటే మచిలీపట్నానికి, మారుపేరుగా స్థిరపడిందంటే ఈ రేవు ఒకనాడు ఎంత పెద్దదో ఊహించవచ్చు. గోలకొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి సముద్రం మీద తెరిచిన వాకిలి ఇది. ఇక్కడి అద్దకపు బట్టలు పర్షియాకూ, సయాంకూ, అచేకూ వెళ్లేవి. హజ్ యాత్రికుల ఓడలూ ఇక్కడి నుంచే కదిలేవి. డచ్చివారు 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే దిగారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీవారు వచ్చారు. తూర్పు తీరంలో వాళ్ల తొలి వర్తక స్థావరాల్లో ఇదొకటి. మద్రాసులో సెయింట్ జార్జి కోట పుట్టడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక్కడొక పక్కమాట. మస్లిన్ బట్టకు ఆ పేరు ఈ ఊరి ఇంకో పేరైన మసూలిపట్నం నుంచే వచ్చిందని ఊళ్లో చాలామంది ధీమాగా చెబుతారు. ఆ పేరు ఇరాక్‌లోని మోసుల్ పట్నానిది. బందరుకు సొంత గొప్పలు చాలానే ఉన్నాయి, ఎరువు గొప్ప అక్కర్లేదు.

డచ్చి సమాధుల ఆవరణ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. నర్సు స్నేహితురాలు ఒక రాతి పలక ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎన్నేళ్ల వానలు తాగిందో ఏమో, రాయి అంచుల్లో పాచి నల్లబడింది. ఆమె చూపుడు వేలితో అక్షరాల మీద నెమ్మదిగా రాసింది. అవి లోపలికి తవ్విన అక్షరాలు కావు, చుట్టూ రాయిని తొలిచి పైకి లేపినవి. కోరమాండల్ తీరంలో డచ్చి సమాధి రాళ్ల మీద రాత మామూలుగా 'హీర్' అన్న మాటతో మొదలవుతుంది. డచ్చిలో దానికి 'ఇక్కడ' అని అర్థం. ఇక్కడ ఫలానావారు నిద్రిస్తున్నారు అని. "మన ఆసుపత్రి కేసు షీటు కన్నా నయం, పేరు, వయసు, తేదీ అన్నీ ఉన్నాయి" అందామె. నవ్వుతూ అన్నా, వేలు మాత్రం చాలాసేపు తీయలేదు. డచ్చి భాష చదవని తెలుగు శిల్పి ఒక్కో అక్షరం బొమ్మలా చూసుకుంటూ చెక్కి ఉంటాడని మాస్టారు ఊహ. అది ఊహే కావచ్చు. కానీ ఆ రాళ్ల చుట్టూ ఉన్న లతల పనితనం చూస్తే కొట్టిపారేయబుద్ధి కాదు.

ఇంగ్లీషుపాలెం వైపు సెయింట్ మేరీస్ చర్చి ఉంది. దాని కథ బందరులో ప్రతి ఇంటా తలో రకంగా చెబుతారు. కథలన్నిటికీ మూలం ఒకటే. జాన్ పేటర్ అనే సైన్యాధికారి అరబెల్లా రాబిన్సన్ అనే యువతిని ప్రేమించాడు, ఆమె 19వ శతాబ్దం తొలి ఏళ్లలోనే చనిపోయింది, ఆమె సమాధిని కలుపుకుని అతను గుడి కట్టించాడు. ఆమె శరీరాన్ని గాజు పెట్టెలో దాచాడనీ, మీట నొక్కితే ఆమె లేచి నిలబడేదనీ చెప్పేవి జనం అల్లుకున్న చిలవలు. రోల్డ్‌గోల్డ్ మిత్రుడికి మీట కథే ఇష్టం. మాస్టారికి మాత్రం ప్రేమించిన మనిషి కోసం ఇటుకలు లెక్కపెట్టి, సున్నం గానుగ తిప్పించిన మనిషి కథే గొప్పది. ఈ లేఖకుడి ఓటు మాస్టారికే.

పరాసుపేట వీధుల్లో నడుస్తుండగా మాస్టారు చెప్పిన ఒక సంగతికి నలుగురూ ఆగిపోయారు. దేశమంతా 1947 ఆగస్టు 15న జెండా ఎగరేసుకుంటే, బందరులో ఫ్రెంచివారి పేరు మీద మిగిలిన కాస్త జాగా మాత్రం ఆ రోజుకు ఇంకా ఫ్రాన్సుదే. సూరత్, కాలికట్‌లలో ఉన్న అలాంటి ముక్కలతో పాటు అది భారతదేశం చేతికి వచ్చింది ఆ ఏడు అక్టోబరులో. పుదుచ్చేరి గురించి, పక్కనున్న యానాం గురించి అందరికీ తెలుసు. బందరు ముక్క ఏ పాఠంలోనూ లేదు.

ఆంధ్ర జాతీయ కళాశాల గేటు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఎండ ముదురుతోంది. కోపల్లె హనుమంతరావు గారు పట్టుదలతో 1910లో నిలబెట్టిన చదువుల చోటది. పింగళి వెంకయ్య గారు అక్కడ పనిచేశారు, అడివి బాపిరాజు గారు అక్కడే బొమ్మలు నేర్చి తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. 1902లో కృష్ణా పత్రిక మొదలైందీ, 1923లో పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచిందీ ఈ ఊళ్లోనే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇవన్నీ మీకు తెలిసినవే, సభల్లో ప్రతి వక్తా చెప్పేవే. కాబట్టి ఈ లేఖ వాటి దగ్గర నిలవదు.

లడ్డు దగ్గర మాత్రం నిలవక తప్పదు. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం వేరు, పని కళ్లతో చూడడం వేరు. ఒక మిఠాయి దుకాణం వెనక, ఆవిరి కమ్మిన గదిలో, శనగపిండి పూసను నేతిలో వేయించి గుట్టగా పోశారు. ఆ పూసను రోట్లో పోసి ఇద్దరు మనుషులు రోకళ్లతో వంతులవారీగా దంచుతున్నారు. పొడిని జల్లించారు. జల్లెట్లో మిగిలిన పలుకులు మళ్లీ రోటికే వెళ్లాయి. బెల్లం పాకం పడ్డాక అసలు పని మొదలైంది. నెయ్యి పోస్తూ, ఉండలు కట్టనీయకుండా మళ్లీ దంపుడే దంపుడు. అందుకే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. దంచే ఆయన చెమట తుడుచుకునేందుకు భుజం మీది తువ్వాలు తీస్తే, రెండో ఆయన లయ తప్పకుండా ఒక్కడే రెండు దెబ్బలు వేశాడు. అప్పుడే కట్టిన వెచ్చని లడ్డు నోట్లో పెట్టుకుని డాలస్ మిత్రుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. అక్కడ కొనే డబ్బా లడ్డుకీ దీనికీ పేరొక్కటే కలుస్తుందని తర్వాత అన్నాడు.

అక్కడి నుంచి కోటకు ఆటో. నడక అని చెప్పి ఆటో ఎక్కడమేమిటని మీరడగవచ్చు. మాస్టారి మోకాళ్లు ఒప్పుకోలేదు.

బందరు కోట గురించి విన్నవాళ్లకు గోలకొండలాంటి కొండకోట మనసులో మెదులుతుంది. ఇక్కడ కొండ లేదు. సముద్రం ఒడ్డున చిత్తడి నేల, ఉప్పుగాలికి పెచ్చులూడిన మందపాటి ఇటుక గోడలు, కమానులు, ఆయుధాలు దాచిన పాత కట్టడం. ఆ చిత్తడే ఈ కోటకు అగడ్త. కోటకూ పేటకూ మధ్య బురద మీదుగా పొడుగాటి కట్టదారి ఒక్కటే ఉండేది. 1759 ఏప్రిల్ 7 రాత్రి, అప్పటికి ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఈ కోటను పట్టుకోవడానికి ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ ఆ బురదనే నమ్ముకున్నాడు. ఒక వైపు కెప్టెన్ నాక్స్ బురదలో దిగి దొంగ దాడి చేశాడు. కట్టదారి వైపు విజయనగరం ఆనందరాజు మనుషులు గోల పుట్టించారు. అసలు దాడి ఇంకో వైపు నుంచి. తెల్లారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. లొంగినవాళ్ల సంఖ్య దాడి చేసినవాళ్ల కన్నా ఎక్కువ. బొబ్బిలి యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లు. నాడు విజయనగరం పరాసులతో కలిసి బొబ్బిలి మీదికి వెళ్లింది, ఇప్పుడు ఇంగ్లీషువాళ్లతో కలిసి పరాసుల మీదికి వచ్చింది. తీరాంధ్ర ఎవరి చేతికి పోతుందన్నది ఆ బురదలోనే తేలిపోయింది.

కానీ ఈ కోటను ఖాళీ చేయించింది ఏ ఫిరంగీ కాదు.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం లేచి ఊరి మీదికి వచ్చింది. కోటను ముంచింది, చిత్తడి దాటింది, పేటలన్నిటి మీదుగా లోపలి పల్లెల దాకా పోయింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి గోర్డన్ మెకంజీ 1883లో వేసిన కృష్ణా జిల్లా మాన్యువల్లో ఆ ఉప్పెన కథ ఉంది. ఆ దెబ్బతో దండు కోటను వదిలేసింది. రేవుగా అప్పటికే చిక్కిపోతున్న బందరు ఇక లేవలేదు. ఊరు ఇప్పుడున్న రూపుకు, అంటే పేరు పెద్దదై ఊరు చిన్నదై మిగలడానికి, ఇన్ని యుద్ధాల కన్నా ఆ ఒక్క రాత్రే పెద్ద కారణం.

కోట గోడ నీడలో నలుగురు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇటుకల దొంతరే వికెట్లు. మాస్టారు బౌలర్‌ను పిలిచి అడిగారు: "బాబూ, ఇక్కడ ఉప్పెన వచ్చింది, తెలుసా?"

"తెలుసు సార్, నేను రెండుసార్లు చూశాను. పాటలు బాగుంటాయి."

ఐదుగురూ పగలబడి నవ్వారు. నవ్వు అయిపోయాక మాస్టారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. ఉప్పెన అంటే వాడికి 2021లో వచ్చిన సినిమా, వాళ్ల తాతకు 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన సముద్రం. ఆ రెండింటి వెనక 1864 కనిపించకుండా పోయింది.

ఎందుకు పోయిందన్నదానికి మాస్టారి దగ్గర ఒక జవాబుంది. అదే ఏడు అక్టోబరు 5న, అంటే బందరు మునగడానికి నెల లోపు ముందే, కలకత్తాను పెద్ద తుఫాను ముంచింది. రాజధాని మునిగింది కాబట్టి దొరలు కదిలారు. మరుసటి ఏడే కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఆ శాఖ పుట్టుక కథ చెప్పినప్పుడల్లా కలకత్తా తుఫానును తలుస్తారు. బందరు వంతు రాదు. రెండూ బంగాళాఖాతంలో ఒకే కాలంలో పుట్టిన తుఫానులే. ఒకటి చరిత్ర పుస్తకంలోకి ఎక్కింది, ఒకటి జిల్లా మాన్యువల్లో ఉండిపోయింది. విచిత్రమేమంటే, ఇవాళ తుఫానుల మీద కన్నేసి ఉంచే డాప్లర్ రాడార్ ఇదే బందరులో ఉంది. తుఫాను వార్తల్లో 'మచిలీపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో' అన్న మాట లేని ఏడాది లేదు.

కలెక్టర్ గారూ, ఈ లేఖ రాయడానికి కారణం ఇదే. ఐదుగురూ ఆ పొద్దున నడిచిన దారిలో 1864 అన్న అంకె ఒక్క చోటా వాళ్ల కంట పడలేదు. అందుకని ఒక చిన్న కోరిక. ఆ రాత్రి నీళ్లు ఏ ఎత్తున నిలిచాయో పాత రికార్డుల నుంచి మీ ఇంజనీర్ల చేత లెక్క కట్టించి, ఊళ్లో ఐదారు చోట్ల గోడల మీద ఆ ఎత్తులో ఒక నీలి గీత గీయించండి. గీత పక్కన తేదీ, కింద తెలుగులో రెండు వాక్యాలు. చర్చి దగ్గర, జాతీయ కళాశాల దగ్గర, కోనేరు సెంటర్లో, ఆ మూడు పేటల మొదళ్లలో. రక్షిత కట్టడాల గోడల మీద గీయడానికి చట్టం ఒప్పుకోదు, అక్కడ పక్కన విడిగా ఒక రాయి పాతితే చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది బతికారు. అక్కడ దాని కథ తెలియనివారు తక్కువ. ఒక చెట్టు బతికి ఉండడం వల్ల ఒక వరద గుర్తుండిపోయింది. దివిసీమలో 1977 మృతులకు స్మారక స్తూపం ఉంది, ఏటా నవంబరు 19న జనం అక్కడికి వస్తారు. బందరుకు అలాంటి చెట్టు మిగల్లేదు. గీతనైనా గీయాలి.

ఆ రాత్రి కథ చెప్పుకుని ఏడవడానికి కాదు ఈ గీత. మంగినపూడి వైపు 2023లో మొదలైన కొత్త ఓడరేవు పనులు నడుస్తున్నాయి. రేవు వస్తే ఉద్యోగాలొస్తాయి, గోదాములొస్తాయి, వాటి వెంట లాడ్జీలు, కాలనీలు, అపార్టుమెంట్లు వస్తాయి. పల్లపు నేలలో స్థలం కొనే మనిషికి బ్రోకరు నీటి లెక్క చెప్పడు. గోడ మీది గీత చెబుతుంది. తలకన్నా పైన గీత కనబడితే, ఇల్లు కట్టుకునేవాడు పునాదిని ఇంకో రెండడుగులు లేపుతాడో లేదో గాని, కనీసం మేస్త్రీని ఒక ప్రశ్న అడుగుతాడు.

రోల్డ్‌గోల్డ్ మిత్రుడికి మాత్రం ఈ ఆలోచన మొదట నచ్చలేదు. "సరుకు కొనడానికి బయటి ఊళ్లవాళ్లు వస్తారు. గోడల మీద ఇంత ఎత్తున నీళ్లొచ్చాయని రాస్తే భయపడి పోరూ?" అన్నాడు. న్యాయమైన సందేహమే. నర్సు స్నేహితురాలు జవాబిచ్చింది: "మా వార్డు గోడ మీద మంట వస్తే ఎటు పరిగెత్తాలో బాణం గుర్తుంటుంది. దాన్ని చూసి ఒక్క రోగీ మంచం దిగి పారిపోలేదు." మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. తన దుకాణం గోడ మీద అయితే గీత కింద తన ఫోన్ నంబరు కూడా వేయాలని షరతు పెట్టాడు. ఆ షరతును మీ దృష్టికి తేవడం వరకే ఈ లేఖకుడి పని.

గీతలతో పాటు ఇంకొకటి, ఖర్చు లేనిది. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం వీధి బోర్డులు ఈసారి రంగు వేయించినప్పుడు పేరు కింద ఒక్క వరుస రాయించండి, ఈ పేరు ఎవరి నుంచి వచ్చిందో. డాలస్ దాకా వెళ్లినవాడు యాభై ఏళ్లకు తెలుసుకున్న సంగతి, ఆ వీధిలో పిల్లలు బడికి వెళ్తూ చదువుకుంటారు.

వచ్చే నవంబరు 1న పొద్దున ఆరు గంటలకు ఆ ఐదుగురూ మళ్లీ కోనేరు సెంటర్లో కలవాలనుకున్నారు. డాలస్ మిత్రుడు సెలవు ఇప్పుడే రాసి పెట్టాడు. వీలైతే మీరూ రండి. బందోబస్తు, ఫోటోగ్రాఫర్లు వద్దు. పాత చెప్పులు వేసుకోండి, కోట దగ్గర బురద ఉంటుంది. మాస్టారు ఆ రోజుకు ఒక కొలత కర్ర తెస్తానన్నారు. సుద్దముక్క ఎవరు తేవాలన్న దగ్గర మాత్రం ఇంకా వాదన తెగలేదు.

ఇట్లు,
నడిచిన ఐదుగురిలో ఒకడు
బందరు